నాలుగూ సమానమైతే

లాలాపేట సందులో నా కొట్టు.
కంటికి తగిలించుకునే బుడ్డి అద్దం ఒకటుంది,
వాచీలో వెంట్రుకంత స్ప్రింగు కోసం కొన్నది.
సెల్‌ఫోన్లొచ్చి వాచీలు తగ్గాయి.
అద్దానికి మాత్రం పని తగ్గలేదు.

మొదట వచ్చింది సుబ్బాయమ్మ గారు,
కొంగుముడి విప్పి అగ్గిపెట్టె తీసి.
"ఇదేందో చూడు దావీదూ,
రాత్రి లైటు చుట్టూ ఒకటే తిరుగుడు."
నువ్వుగింజంత, గోధుమరంగు, గూని వీపు.
తల ఎక్కడుందో వెతుక్కోవాలి.
పట్టకారు తగలగానే చచ్చినట్టు పడుకుంది.
"మీ మంచం కింద మిరపకాయల గోతం ఎన్నాళ్లది?" అన్నాను.
గోతం సంగతి నాకెవరు చేరవేశారా అని
ఆవిడ సందంతా అనుమానంగా చూసింది.
యార్డులో ధర లేస్తుందని దాచిన తేజా కాయ.
ధర లేవలేదు,
కాయలోది లేచింది.

అప్పట్నించీ మొదలు.
మాత్రల చీటీలో, బస్సు టిక్కెట్టు మడతలో,
ఒకసారి పెరుగు గిన్నె మూతకింద, పెరుగుతో సహా.

నేనేం చదువుకోలేదు. చూడ్డం వచ్చు, అంతే.
అరటిపళ్ల మీద ముసిరేదానికి ఎర్రకళ్లు,
రాత్రి డ్యూటీ దిగినట్టు.
బియ్యంలో దానికి ముక్కు పొడుగు, వీపున నాలుగు మచ్చలు,
రెక్కలుండీ నడిచే రకం.
స్నానాలగది గోడకు అంటుకుని ఉండేది దోమ కాదు,
ఒళ్లంతా నూగు, రెక్కలు పరిస్తే చిట్టి రావాకు.
కుట్టదు.
కుట్టదు కాబట్టే కాబోలు, మనవాళ్లు పేరు కూడా పెట్టలేదు.
ఎక్కణ్ణించి వస్తుందో తెలియాలంటే
రాత్రి తూము మీద టేపు వెయ్యి, జిగురు కిందికి.
పొద్దున్నే లెక్కపెట్టుకో.
ఈ మాట విని ఒక లాడ్జి గుమాస్తా
పదకొండు గదుల టేపులు తెచ్చి బల్లంతా పరిచాడు.
టీ కూడా నేనే పోయించాను.

మొన్న తొలకరి పడిన తెల్లారి
ఖైరున్నీసా వచ్చింది.
మూడిళ్ల అవతల అద్దెకుంటుంది, చీరలకు ఫాల్సు కుడుతుంది.
కాగితం విప్పితే ఒంట్లు లేవు, రెక్కలే.
ఉల్లిపొరలు.
ఊపిరి తగిలితే లేచిపోతాయని
ఇద్దరం మాట్లాడ్డం మానేశాం కాసేపు.

"చీమలకు రెక్కలొచ్చాయన్నా. చచ్చాయి. ఊడ్చేశాను.
అంతేగా?"
చావొచ్చిన చీమకే రెక్కలని
నేనూ అనబోయి
అద్దం పెట్టుకున్నాను.

రెక్కల చీమకైతే ముందు జత పెద్దది, వెనక జత చిన్నది.
నడుం దారం బిగించినట్టు, మీసం మోచెయ్యిలా వంపు.
ఇక్కడ నడుమూ లేదు, మీసమూ లేదు.
ఒకదాని మీద ఒకటి పేర్చాను.
నాలుగూ ఒకే కొలత.
గంటల ముల్లూ నిమిషాల ముల్లూ ఒకే పొడవుంటే
ఆ వాచీ టైము చెప్పదు.
ఇవి చెప్పాయి.

"చావలేదమ్మా, ఇవి ఉసిళ్లు.
చోటు దొరికిందనుకుంటే రెక్కలు వాటంతటవే రాల్చుకుంటాయి.
మళ్లీ ఎగిరే పని లేదని."
"ఎవరి చోటు?" అంది.
నా దగ్గర జవాబు లేదు.
బయటినుంచి వచ్చాయో, లోపల్నించే లేచాయో
కిటికీ చట్రం వేలితో కొట్టి చూడమన్నాను,
డొల్లమోత వస్తే చెదలే.

నవ్వింది. పదమూడేళ్లలో ఎనిమిది కొంపలు మారిన మనిషి.
"మేకు కొడితే ఓనరుకు కోపమని
క్యాలెండరు కూడా కిటికీ ఊచకు దారంతో కట్టుకున్నా.
వీటినేం అనడా?"

రెక్కలు బల్లమీదే వదిలి వెళ్లింది.
ఫ్యాను వెయ్యకుండా చెమటలోనే సాయంత్రం దాకా పనిచేశాను,
ఎందుకో.

కొట్టు కట్టేస్తూ
మా నాన్న పెట్టించిన చెక్క గుమ్మాన్ని
వేలిముణుకుతో కొట్టాను.
చెవి ఆనించి ఇంకోసారి కొట్టాను.
సరిగ్గా వినబడలేదు.
సందులోంచి ఆటో ఒకటి పోతోంది.